పట్టుచీరలు లారీలో వేయొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మావారికి విశాఖపట్నం బదిలీ అయింది. ఆషాఢం వెళ్లగానే, శ్రావణం మొదటి వారంలో ఇల్లు మారుతున్నాం. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి మూడేళ్లు. మంచాలు, వంటసామాను గురించి నాకు బెంగ లేదు. భయమంతా బట్టల గురించే. 14 పట్టుచీరలున్నాయి. వాటిలో రెండు మా అత్తయ్యగారి పెళ్లినాటివి. చెప్పులు, బూట్లు కలిపి 20 జతల దాకా ఉంటాయి. ఇవి కాక లాడ్ బజార్ గాజులు, ముత్యాల సెట్టు, వన్ గ్రామ్ నగలు. ప్యాకర్లేమో "మేడమ్, మీరేం ముట్టుకోకండి, పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి అన్నీ కట్టేస్తాం" అంటున్నారు. అత్తయ్య మాత్రం "ప్రతి చీర మడతలోనూ రెండు కలరా ఉండలు వేసి, ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టెయ్" అంటున్నారు. ఎవరి మాట వినాలో తేలడం లేదు. బట్టలన్నీ క్షేమంగా చేరాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మావారి బ్యాంకు ఉద్యోగం వల్ల 26 ఏళ్లలో తొమ్మిది ఇళ్లు మారాను. అందుకని మీ ఉత్తరంలోని బెంగ నాకు బాగా తెలుసు. ముందు ఒక మాట చెప్తాను. లారీ కుదుపులకి బట్టలకేమీ కాదు, అవి గాజు గ్లాసులు కావు. బట్ట పాడయ్యేది రెండుచోట్ల. ఒకటి, కట్టే రోజున లోపల ఉండిపోయిన తడి. రెండోది, చేరాక "తర్వాత విప్పుదాంలే" అని మూలన పెట్టేసిన వారాలు. మీరు వెళ్లేది వానల్లో, అదీ సముద్రపు ఊరికి. వేరే వాళ్ల సామానుతో కలిపి పంపితే మీ పెట్టెలు దారిలో రెండు మూడు రోజులు ఏ గోడౌన్‌లోనో ఆగొచ్చు కూడా. కాబట్టి మీరు కాచుకోవాల్సింది తడిని.

ప్యాకర్లకి మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నిశ్చింతగా వదిలేయండి. ఆ పని వాళ్లకే బాగా వచ్చు. బట్టలు మాత్రం మీ చేత్తో మీరే సర్దుకోండి. వాళ్లకి కావలసింది వేగం. అర కిందున్న బూట్లు, పై అరలో చీరలు ఒకే అట్టపెట్టెలోకి వెళ్లిపోతాయి. ఏ చీర పాతదో, ఏది గట్టిదో వాళ్లకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కట్టిన పెట్టెలు వాళ్లకి అప్పగిస్తే మోసుకెళ్తారు. ఇక అత్తయ్యగారి మాటలో సగం చాలా మంచిది, సగం ప్రమాదం. దాని దగ్గరికి వస్తాను.

ఆషాఢం నెల మీ చేతిలో ఉండటం అదృష్టం. ఆ నెలలో ఎలాగూ ఇల్లు మారం కాబట్టి రోజుకో అర ఖాళీ చేసుకోవచ్చు. (ఆషాఢం సేల్ జోలికి మాత్రం ఈ ఒక్క ఏడాదికీ వెళ్లకండి. కొత్తగా కొన్న ప్రతి చీరా మోయాల్సిన బరువే.) డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాల్సినవి ఇప్పుడే ఇచ్చేయండి. చివరి వారంలో ఇస్తే వాన వల్ల ఆలస్యమై, మీరు వెళ్లాక అవి హనుమకొండలోనే ఉండిపోతాయి. తెచ్చుకోగానే ఆ పల్చటి ప్లాస్టిక్ కవర్లు తీసి పారేసి, ఒక పూట గాలికి వేలాడదీయండి. ఆ కవర్ ఇంటిదాకా తేవడానికే తప్ప దాచుకోవడానికి కాదు.

గంజి పెట్టిన నూలు చీరలు గంజితో సర్దకండి. బట్టల అరల్లో వెండిరంగులో జారిపోతూ కనిపించే సిల్వర్ ఫిష్ పురుగులకి గంజి మహా ఇష్టం. మంగళగిరి చీరైనా, మావారి ఖద్దరు చొక్కా అయినా ఒకసారి మంచినీళ్లలో జాడించి, గంజి వదిలాక ఆరేసి మడతపెడతాను. అక్కడికి వెళ్లాక కట్టుకునే ముందు మళ్లీ గంజి పెట్టుకుందురుగాని. ఇస్త్రీ చేసిన బట్ట కూడా వేడివేడిగా పెట్టెలో పెట్టొద్దు. ఇస్త్రీకి చల్లిన నీటి ఆవిరి మడతల్లో ఇంకా ఉంటుంది. మంచం మీద పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వానాకాలం కదా, దండెం మీద బట్ట పట్టుకుంటే ఆరినట్టే అనిపిస్తుంది. నడుము పట్టీ దగ్గర, జేబు లోపల, కుట్టు మందంగా ఉన్నచోట వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలిందంటే అది ఇంకా ఆరలేదు.

ఇప్పుడు పట్టుచీరలు. అసలైన జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత పూసింది. వెండి ఉంది కాబట్టి, ఇంట్లో వెండి కుంకుమభరిణ నల్లబడినట్టే జరీ కూడా నల్లబడుతుంది. ఇప్పుడొచ్చే చాలా చీరల్లో రాగి తీగ మీద పూత జరీ ఉంటుంది. అది పచ్చగా, నల్లగా ఇంకా త్వరగా తిరుగుతుంది. కలరా ఉండల్ని జరీకి తగలనివ్వొద్దు అనేది అందుకే. అవి గాల్లో కరిగి ఆవిరవుతాయి. ఆ ఆవిరి మూసిన ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి పోలేక బట్ట మీదా, జరీ మీదా చేరుతుంది. రంగు మారుతుంది, వాసన నెలల తరబడి వదలదు. ఇంకో సంగతి, చాలామంది చేసే పొరపాటు: ఒకే పెట్టెలో కలరా ఉండలూ కర్పూరమూ కలిపి పెట్టకండి. రెండూ ఒకదాన్నొకటి కరిగించుకుని జిడ్డునీరుగా మారతాయి. ఆ మరక పట్టు మీద పడితే ఇక పోదు.

అన్నిటికంటే ముఖ్యం, మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. సామాను సర్దే రోజుల్లో నేలమీద ఏం దొర్లుతుందో ఎవరూ చూడరు. కలరా ఉండ పిల్లలకి తెల్లటి పిప్పరమెంటు బిళ్లలాగే కనిపిస్తుంది. నోట్లో వేసుకుంటే రక్తకణాలు చిట్లిపోవచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకైతే ఆ బట్టలు తొడిగి, ఆ వాసన పీల్చినా ప్రమాదమే. మీరు ఈసారికి ఆ పొట్లం కొనకండి.

అత్తయ్యగారికి ఇలా చెప్పి చూడండి. ఆవిడ రోజుల్లో ట్రంకుపెట్టె అడుగున ఉండలు వేసి, మీద పాత పంచె పరిచి, ఆపైన చీరలు పేర్చేవారు. ఉండ చీరకి తగిలేదే కాదు, ప్లాస్టిక్ కవరూ లేదు. చీరకి కాపలా కాసింది ఆ పంచె. మీరు చేయాల్సిందీ అదే. ఇంట్లో మెత్తబడిన పాత పంచెలు, తెల్ల దుప్పట్లు, అంచు చిరిగిన నూలు చీరలు ఉంటే ఉతికి, గంజి లేకుండా ఆరబెట్టి, ఒక్కో పట్టుచీరకి సరిపడా ముక్కలు చింపుకోండి. రంగు దిగే బట్ట మాత్రం వద్దు. ఎర్రటి కొత్త జాకెట్టు గుడ్డ చుట్టిన తెల్లంచు చీర ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కో చీరా మంచం మీద పూర్తిగా విప్పండి. పాత మడత మీదే మళ్లీ మడవకుండా, ఓ జానెడు పక్కకి జరిపి కొత్త మడత వేయండి. పట్టు తెగేది ఎప్పుడూ మడత గీత మీదే, ముఖ్యంగా జరీ అంచు విరిగేచోట. జరీ లోపలికి ఉండేలా మడిచి, నూలుగుడ్డలో చుట్టి, చేత్తో అదమకుండా పేర్చండి. రబ్బరు బ్యాండు వేయకండి. పెళ్లయిన కొత్తలో నేను మ్యాచింగ్ జాకెట్లన్నీ చుట్టచుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి సర్దాను. ఆరు నెలల తర్వాత విప్పితే, నా పెళ్లి జాకెట్టు చేతి అంచు జరీ మీద సరిగ్గా బ్యాండు వెడల్పున ఒక నల్లటి గీత. బ్యాండు ఎండి బట్టకి అతుక్కుపోయింది, గోరుతో గీకితే ముక్కలుగా ఊడింది గానీ గీత మాత్రం పోలేదు. రబ్బరులో గంధకం ఉంటుందనీ, వెండిని నల్లబరిచేది అదేననీ తర్వాత తెలిసింది. జాకెట్లు కట్టాలంటే నూలు తాడు, లేదా చింపిన గుడ్డ పేలిక చాలు.

అత్తయ్యగారి పెళ్లిచీరలు రెండింటినీ వేరుగా చూడండి. వాటిని దులపకండి. కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే మడతల వెంట సూది గుచ్చినంత చిల్లులు వరసగా కనిపిస్తున్నాయా? కనిపిస్తే ఇక వాటిని మడవొద్దు. బట్టల కొట్లో అడిగితే తానులు చుట్టి వచ్చే గట్టి అట్ట గొట్టాలు ఇస్తారు. రెండడుగుల ముక్క కోయించుకుని, దానికి పాత పంచె రెండు చుట్లు చుట్టి, చీరని వెడల్పులో ఒక్క మడతే వేసి, ఆ మడత లోపల సన్నగా చుట్టిన మెత్తటి గుడ్డ పెట్టి, గొట్టానికి చాపలా చుట్టేయండి. పైన ఇంకో గుడ్డ. మీరొక్కరే చేస్తే బిగుతు తప్పుతుంది, ఆవిడని రెండో కొస పట్టుకోమనండి.

వేపాకు, లవంగాలు, వట్టివేళ్లు వేయొచ్చా అని అడుగుతారు. వేయొచ్చు, నేనూ వేస్తాను. వేపాకు నీడలో గలగలమనేలా ఎండాలి, పచ్చిగా ఉంటే అదే తడి. చిన్న గుడ్డసంచిలో కట్టి పెట్టె మూలన పెట్టండి, చీర మీద నేరుగా చల్లొద్దు. ఇవి పురుగుని చంపవు, మంచి వాసనతో కాస్త దూరంగా ఉంచుతాయి, అంతే. పురుగుని రానివ్వకుండా కాపాడేది శుభ్రంగా, పొడిగా ఉన్న బట్ట. పెళ్లిలో కట్టి, చెమటతో, సెంటు మరకతో, కొంగు మీద పప్పు చుక్కతో అలాగే మడిచిన చీరకే పురుగు ముందు పడుతుంది. బూట్ల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు దాచి ఉంటే పెట్టెకి రెండు మూడు వేయండి. అవీ పాప చేతికి అందకూడదు.

మీరడగని ప్రశ్నకే నా గట్టి సలహా: ఈ 14 చీరలూ లారీలో వేయకండి. చీర ఒక్కింటికి ముప్పావు కిలో అనుకున్నా పది, పన్నెండు కిలోలు. ఒక పెద్ద సూట్‌కేస్. వరంగల్లులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతారు. థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోల దాకా ఉచితంగా తీసుకెళ్లొచ్చు. సూట్‌కేస్ బెర్తు కిందకి తోసి గొలుసు వేసుకోండి. కార్లో వెళ్తే ఇంకా మంచిది. బంగారం, వెండి, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు కూడా మీ వెంటే. లారీ సామానుకి ఇన్సూరెన్స్ చేయించినా నగలు, డబ్బు సాధారణంగా అందులోకి రావు.

రోజువారీ బట్టలకి ఇంత శ్రమ వద్దు. హ్యాంగర్లకున్న చొక్కాలు, డ్రెస్సులు తీయకుండానే ఏడెనిమిది కలిపి మెడల దగ్గర తాడుతో కట్టండి. కింది నుంచి పాత దుప్పటి చుట్టి పిన్నులు పెడితే అక్కడ నేరుగా అలమారాలో తగిలించేయొచ్చు. మిగతావన్నీ అట్టపెట్టెల్లో. ఒక్కో పెట్టె 15 కిలోలు దాటనివ్వకండి. బట్టలు తేలికని అదిమి అదిమి నింపుతాం, తీరా ఎత్తేటప్పుడు అడుగు ఊడుతుంది. తువ్వాళ్లు, లుంగీలు, పాత నైటీలు వంటింటికి పంపండి, గాజు సామానుకి చుట్టడానికి వాటిని మించినవి లేవు. నూనె జిడ్డున్న గిన్నెలకీ, ఆవకాయ జాడీకీ మాత్రం బట్ట చుట్టొద్దు, వాటికి పేపరే. ఊలు దుప్పట్లకి, స్వెట్టర్లకి గాలి తీసేసే వాక్యూమ్ కవర్లు బాగుంటాయి, చేరగానే విప్పేయాలి. పట్టుకి, జరీకి అవి పనికిరావు. ఆ బిగువులో పడ్డ ముడత ఇక పోదు.

బట్టలు నల్ల చెత్తకవర్లలో పెట్టకండి. మేం రాజమండ్రి నుంచి మారినప్పుడు పిల్లల బట్టలు అలాంటి కవర్లో కట్టి గుమ్మం పక్కన పెట్టాను. లోపల హడావుడిలో ఉండగా చెత్త బండి వచ్చింది. పక్కింటావిడ సాయం చేద్దామని మా గుమ్మంలోని కవర్లన్నీ ఎత్తి ఇచ్చేసింది. ఆవిడ తప్పేముంది, చెత్తలాగే ఉంటే! మా అమ్మ మా పెద్దాడికి అల్లిన స్వెట్టర్ అందులోనే పోయింది. అమ్మ ఇప్పుడు లేదు. అందుకే గుచ్చి చెప్తున్నాను: ప్రతి మూట మీద, ప్రతి పెట్టె మీద రెండు పక్కలా మార్కర్‌తో పెద్దక్షరాలు రాయండి. "బట్టలు" అని కాదు, "బాబు చొక్కాలు, రెండో గది" అని.

సర్దుతుంటే ఇక కట్టనివి, పట్టనివి బయటపడతాయి. బాబుకి పొట్టైనవి బాగుంటే తెలిసినవాళ్ల పిల్లలకి ఇవ్వండి. మెత్తని నూలు చీరలు బొంతకి దాచుకోండి. మిగతావి పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చే ఆవిడ వీధిలోకి వస్తే వేసేయండి. గిన్నె చిన్నదిచ్చిందని బేరమాడుతూ మళ్లీ లోపలికి తెచ్చుకోవద్దు.

చెప్పులు, బూట్ల విషయానికొస్తే, ముందు వాటిని వంచి చూడండి. నిజంగానే చేత్తో వంచండి. పెళ్లిళ్లకని కొని మూడు నాలుగేళ్లుగా అట్టపెట్టెలోనే ఉన్న బూట్లకి పీయూ (పాలీయురేథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్) సోల్ ఉంటే, మన ఉక్కపోతలో గాలిలోని తేమకి అది లోపల్లోపలే చివికిపోతుంది. పైకి కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, వంచితే తడిసిన బిస్కెట్టులా పొడిపొడిగా రాలుతుంది. తొడగని జోడే ముందు పోతుంది. అలాంటివాటిని విశాఖ దాకా మోయకండి. రెగ్జిన్ హ్యాండ్‌బ్యాగులు, బెల్టులు కూడా పొట్టు లేస్తున్నాయంటే వదిలేయండి, ఆ పొట్టు పక్కనున్న ప్రతిదానికీ అంటుకుంటుంది.

ఉంచుకునేవాటి అడుగులు తడిగుడ్డతో తుడిచి రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరనివ్వండి. తోలువి ఎండలో పెట్టొద్దు, పగుళ్లిస్తాయి. బూటు లోపల సాక్సులు కుక్కండి, ఆకారం చెడదు, సాక్సులకి వేరే చోటూ అక్కర్లేదు. లేత రంగు లోపలి గుడ్డ ఉన్న జోళ్లలో న్యూస్‌పేపర్ కుక్కకండి, సిరా దిగుతుంది. ఒక్కో జతని ఒక పాత దిండు గలేబులో, అడుగులు బయటి వైపు ఉండేలా పెట్టి చుట్టేయండి. ప్లాస్టిక్ చెప్పులు ఒకదాని మీద ఒకటి నేరుగా పెడితే మూసిన లారీ వేడికి అతుక్కుంటాయి, మధ్యలో కాగితం వేయండి. అన్నీ ఒకే పెట్టెలో, బరువైనవి అడుగున. పూజకి కట్టే మడిబట్టల పెట్టె దగ్గరికి ఈ పెట్టె రాకుండా రంగు టేపు అంటిస్తే ఎవరూ పొరపాటు పడరు.

గాజు గాజులకి పాత ఉపాయమే ఉత్తమం. చేతి తువ్వాలుని మీ మణికట్టు కన్నా కాస్త లావుగా గట్టిగా చుట్టి, గాజులు వరసగా ఎక్కించి, రెండు కొసలా ముడేయండి. కదలకపోతే పగలవు. లాడ్ బజార్‌లో కొన్నవి లక్క గాజులై ఉంటే వాటికి భయం దెబ్బ కాదు, వేడి. లక్కని నిప్పు మీద మెత్తబరిచే ఆ గాజు చేస్తారు, రాళ్లు అద్దుతారు. ఎండలో ఆగిన లారీలో అది మళ్లీ మెత్తబడి వంకరపోతుంది, రాళ్లు ఊడతాయి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పనితనం ఉన్న వస్తువుని మీ చేతిసంచిలోనే తీసుకెళ్లండి. ముత్యాలు విడిగా మెత్తటి నూలుగుడ్డలో. గాలాడని ప్లాస్టిక్ కవర్లో ఎక్కువ కాలం ఉంచితే మెరుపు తగ్గుతుంది, గట్టి నగలతో కలిపితే గీతలు పడతాయి. వన్ గ్రామ్ నగలు ఒక్కోటి ఒక్కో జిప్ కవర్లో, పొడిగా తుడిచి. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే గొలుసులన్నీ చిక్కుముడి పడిపోతాయి. వెండి పట్టీలకీ రబ్బరు బ్యాండు వద్దని మళ్లీ చెప్తున్నాను.

బీరువాలో బట్టలు ఉంచేసి తాళం వేసి పంపుదామని మీవారు అంటారు చూడండి, ఒప్పుకోకండి. బరువుకి తలుపు ఒరిగిపోతే అక్కడ తెరుచుకోదు. పూర్తిగా ఖాళీ చేసి, లాకర్ లోపల చెయ్యిపెట్టి తడిమి చూసి, తాళాలు మీ చేతిసంచి లోపలి జేబుకి కట్టుకోండి.

లారీ మీకన్నా ఆలస్యంగా రావచ్చు కాబట్టి, ఒక సంచిలో మనిషికి మూడు జతలు, తువ్వాళ్లు, బాబు యూనిఫాం, బడి బూట్లు, పాపకి ఇంకో రెండు జతలు అదనంగా సర్దుకోండి. పాలు పొంగించే రోజుకి మీ నలుగురి బట్టలూ, అత్తయ్యగారి చీరా అదే సంచిలో అన్నిటికంటే పైన.

అక్కడ చేరాక వంటిల్లు సర్దడం సహజంగానే మొదలుపెడతారు, అది తప్పదు. రెండో పని మాత్రం బట్టల పెట్టెలే కావాలి. విశాఖ గాలిలో ఏడాది పొడుగునా ఉప్పుతేమ ఉంటుంది, కొత్తగా కట్టిన ఫ్లాటైతే గోడల సిమెంటు తడి కూడా. బీరువాని గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. అలమారా గోడలోకి కట్టినదైతే వెనక పలకకి అరచేయి ఆనించి చూడండి. చెమ్మ తగిలితే ఆ అరలో పట్టు పెట్టొద్దు. పట్టుచీరలు కింది అరల్లో కాక మధ్య అరలో ఉంచి, వాన తెరిపిచ్చిన రోజు చూసి, ఎండ తగలని గదిలో ఫ్యాన్ వేసి, లోపలి వైపు పైకి తిప్పి ఓ గంట పరచండి. గొట్టానికి చుట్టిన అత్తయ్యగారి చీరల్ని ఆ రోజు ఆవిడ చేతే విప్పించండి. మడతల మీద కొత్త చిల్లులు పడ్డాయో లేదో ఆవిడ కళ్లకే ముందు తెలుస్తుంది.